గాయకబృందం పెట్టబోతున్న చిన్నతల్లికి

మంచిర్యాల

చిరంజీవి చిన్నతల్లికి పెద్దబాపు ప్రేమతో ఆశీర్వదించి వ్రాయునది. ప్రభువు కృప నీకు తోడుగా ఉండుగాక.

నిన్న సాయంత్రం మీ బాపు ఫోను చేశాడు. నువ్వు హన్మకొండలో మన గుడి పిల్లలనే కాక, కాజీపేట ఫాతిమానగర్ నుంచి, వరంగల్ కోట వైపు సంఘాల నుంచి కూడా యువతీయువకులను కూడగట్టి ఒక గాయకబృందం పెట్టబోతున్నావని, ఈ క్రిస్మస్‌కు సొప్రానో, ఆల్టో (ఆడవాళ్ల హెచ్చు, తగ్గు గొంతులు), టెనర్, బాస్ (మగవాళ్ల హెచ్చు, తగ్గు గొంతులు) అనే నాలుగు భాగాల్లో పాడించాలనుకుంటున్నావని, పాట నేర్పే ముందు ప్రతి శనివారం ఒక గంటసేపు ఆ పాట అర్థాన్ని, దాని వెనుకనున్న వాక్యాన్ని అందరూ కలిసి చదువుకుంటారని చెప్పాడు. ఫోను పెట్టేసిన తరువాత వరండాలో చాలాసేపు ఒక్కణ్ణే కూర్చున్నాను. సంతోషంతో కళ్లు తడిశాయి, ఆ వెంటనే దిగులు కూడా పట్టుకుంది. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ గుడిలో ఆ పనే చేసినవాణ్ణి కనుక అందులో ఎంత ఆనందం ఉందో నాకు తెలుసు, మనిషి ఎక్కడ కాలు జారతాడో కూడా తెలుసు. ఫోనులో చెబుదామనుకుంటే రెండు మాటలకే గొంతు పూడుకుపోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను, తీరిక చేసుకొని చదువు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను, అవి నీకు తెలిసినవే. సంఘ కమిటీ అనుమతిని కాగితం మీద తీసుకో. చందాల లెక్క నీ దగ్గర పెట్టుకోకుండా నమ్మకమైన ఇద్దరికి అప్పగించు. సాధన గంటన్నరకు మించనీయకు. పరీక్షలున్న వారం పిల్లలను పిలవకు. గొంతు మారుతున్న మగపిల్లలను బాస్‌లోకి గట్టిగా నెట్టకు, వాళ్లకు హాయిగా పలికే నాలుగైదు స్వరాల మధ్యనే ఏడాదిపాటు పాడనియ్యి. భాగాలు నేర్పేటప్పుడు కీబోర్డు మూసిపెట్టు, అది మోగుతున్నంతసేపు ఎవరి తప్పు ఎవరికీ వినిపించదు. సౌండు పెట్టేవాళ్లతో ముందురోజే మాట్లాడు, లేకపోతే ఒక్క పిల్ల నోటి ముందు మైకు నిలబెట్టి మిగిలిన ఇరవై మందినీ మూగవాళ్లను చేస్తారు.

ఒక్క విషయంలో మాత్రం నా మాట కాదనకు. కేరల్స్‌కు రాత్రిపూట తిరిగేటప్పుడు పిల్లలను ట్రాలీ ఆటోల్లో నిలబెట్టి తీసుకుపోవద్దు, బండ్ల మీద ముగ్గురేసి ఎక్కనివ్వవద్దు. 1979 డిసెంబరులో మేము ట్రాక్టరు ట్రాలీలో పాడుకుంటూ పోతుండగా, మంచులో గుంత కనపడక ట్రాలీ ఎగిరిపడి, టెనర్ పాడే పద్నాలుగేళ్ల అబ్బాయి కిందపడి తొడ ఎముక విరగగొట్టుకున్నాడు. వాడు బతికాడు, ఇప్పుడు మనుమలున్నారు, నన్ను చూస్తే ఇప్పటికీ నవ్వుతూ చేయి ఊపుతాడు. కానీ ఆ రాత్రి ఆసుపత్రి గడప మీద వాడి తల్లి నన్ను చూసిన చూపును నేను మరిచిపోలేదు. నీకిది ముసలివాడి చాదస్తంగా అనిపించినా సరే, మినీ బస్సు మాట్లాడు, అందరినీ కూర్చోబెట్టు, పది గంటలకల్లా ప్రతి ఆడపిల్లనూ ఇంటి గుమ్మం దాకా దింపించు. డబ్బు తక్కువైతే నాకు చెప్పు, నా పింఛను నుంచి పంపుతాను.

ఇక పాట సంగతి. మీ పిల్లలకు స్టాఫ్ నొటేషన్, అంటే ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి, నేర్పడానికి రెండు నెలలు చాలవు, వాళ్లను దానితో బెదరగొట్టకు. స్వరాలను డో, రే, మి అనే పేర్లతో రాసే సోల్ఫాతో మొదలుపెట్టు. ఇంగ్లండులో సారా గ్లోవర్ అనే ఆమె బడిపిల్లల కోసం ఏర్పరచిన పద్ధతిని జాన్ కర్వెన్ అనే పాస్టరు తీసుకొని, పేదవాళ్లూ సండే స్కూలు పిల్లలూ చూసి పాడగలిగేలా దానిని తీర్చిదిద్దాడు. మిషనరీలు దానిని లోకమంతా మోసుకుపోయారు. మనకు అది తేలికగా అబ్బడానికి కారణముంది. అందులో మొదటి స్వరమైన 'డో'ను ఏ శ్రుతిలోనైనా పెట్టుకోవచ్చు, మన ఆధార షడ్జమం, అంటే 'స' లాగానే. డో, రే, మి అని పలికించే ముందు స, రి, గ అని పలికించు. ఊరి పిల్లలకు కూడా వారంలో చెవి తెరుచుకుంటుంది. అప్పుడు ఇద్దరిని 'స' మీద నిలబెట్టి ఇద్దరి చేత 'గ' పాడించు, తరువాత మరో ఇద్దరి చేత 'ప' పాడించు. మూడు స్వరాలూ కలిసి ఒక్కటిగా మోగిన ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూడు. నేను లెక్కల మాస్టారుగా ఉద్యోగం చేసిన ఇన్నేళ్లలో ఏ తరగతి గదిలోనూ అటువంటి ముఖాలు చూడలేదు.

మీ బాపు చెప్పిన ఇంకొక మాట మాత్రం నన్ను కలవరపెట్టింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఇరవై ఎంచుకొని, అన్నింటికీ నువ్వే ల్యాప్‌టాప్‌లో నాలుగు భాగాలు రాస్తున్నావట. పాత పద్ధతిలో ముసలివాళ్లు పాడేది ఒట్టి సాగదీత అనీ, ఈ కాలం పిల్లలు దానిని భరించరనీ అన్నావట. ఆ మాట నీ నోట రాకూడదు బిడ్డా. ఆ పాటలు రాసినవాళ్లు సంగీతం తెలియని వాళ్లు కారు. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి వంటివారు తెలుగు ఛందస్సు, రాగతాళాలు ఎరిగి, పల్లవి అనుపల్లవి చరణాలతో కీర్తనలు కట్టారు. వాటిని నడ్డి విరిచి తీగల మీద ఆరేయడం మనకు తగదు.

ఏ కీర్తనకు భాగాలు పనికివస్తాయో, దేనికి పనికిరావో రాగమే చెబుతుంది. శంకరాభరణం స్వరాలూ పాశ్చాత్యుల మేజర్ స్కేలూ ఒక్కటే. రెండు వందల ఏళ్ల క్రితమే ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరసలు విని అదే స్వరస్థానాల్లో సంస్కృత సాహిత్యం కూర్చారు. శంకరాభరణంలో ఉన్న కీర్తన నాలుగు గొంతులనూ హాయిగా మోస్తుంది. మోహనకు ఐదే స్వరాలు కనుక అక్కడ ఆల్టో, టెనర్ చేతులు సగం కట్టేసినట్టుంటాయి, అయినా జాగ్రత్తగా రాస్తే బాగుంటుంది. తోడి, ఆనందభైరవి జోలికి మాత్రం పోవద్దు. తోడిలో గాంధారం ఒకచోట నిలవదు, ఊగుతూనే ఉంటుంది, ఆ ఊగడంలోనే రాగం ఉంది. దానికింద ఆల్టో ఒక స్వరాన్ని పట్టుకొని నిలబడితే పైస్వరం కూడా నిలబడిపోక తప్పదు. అలా నిలబడ్డ మరుక్షణం అది తోడి కాకుండా పోతుంది. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి హార్మోనియాన్ని దూరం పెట్టడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి: దాని మెట్ల మధ్య, స్వరాన్ని ఊపే మన గమకం పలకదు. అటువంటి కీర్తనలను అందరిచేత ఒక్క గొంతుగా పాడించు, శ్రుతి ఒక్కటి చాలు. నాలుగు భాగాల పాట తరువాత, వెనువెంటనే, ఏ వాద్యమూ లేకుండా ఒక ఆనందభైరవి కీర్తన పాడించి చూడు.

మాట పలికించే తీరు కూడా చూసుకో. పరదేశపు వరసకు తెలుగు మాటలు అమర్చినప్పుడు హ్రస్వం మీద పొడుగు స్వరం పడుతుంది, 'పలు' అనే మాట 'పాలు' అవుతుంది, 'మన' అనేది 'మాన' అవుతుంది. 'దేవుని కుమా' అని ఊపిరి పీల్చి 'రుడు' అని అందుకునే గాయకబృందాలను నేను చాలా విన్నాను. ఊపిరి ఎక్కడ తీయాలో పెన్సిలుతో గుర్తు పెట్టి ఇవ్వు.

ఇప్పుడు చెప్పబోయేది నేను మీ పెద్దమ్మకు తప్ప ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఈ ఉత్తరం రాయడం దీనికోసమే.

1983లో నాకు ముప్పై నాలుగేళ్లు. సికింద్రాబాదులో రెండు వేసవుల్లో స్టాఫ్ నొటేషన్ నేర్చుకొని వచ్చాను, హాండెల్ స్వరపరచిన 'మెస్సయ్య'లోని హల్లెలూయ కోరస్ ప్రతులు సంపాదించాను, ఆ క్రిస్మస్‌కు దానిని మన గుడిలో పాడించి తీరాలని పట్టుబట్టాను. అంతవరకు మన గుడిలో గాయకబృందమంటే పదిపన్నెండు మంది, వాళ్ల మధ్యలో ఒక అవ్వ. ఆమె ఆసుపత్రిలో ఆయాగా చేసి మానేసిన మనిషి. అక్షరం రాదు. వాళ్ల అమ్మకు, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే ఒక బైబిలు స్త్రీ నేర్పిన కీర్తనలు ఆమెకు వచ్చాయి, ఆమెకు రాని కీర్తన ఏదో నాకు తెలియదు. ఎవరైనా మొదటి మాట అంటే చాలు, చివరి చరణం దాకా వదిలేది కాదు. పాడేటప్పుడు కళ్లు మూసుకొని కుడి అరచేతిని మోకాలి మీద వేసేది, తరువాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, మళ్లీ అరచేయి, దానిని తిప్పడం, మళ్లీ అరచేయి, మళ్లీ తిప్పడం. చిటికెన వేలికి సన్నటి వెండి ఉంగరం ఉండేది. ఎనిమిది అక్షరాల ఆదితాళం అని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె చేతికి అది తెలుసు.

ఆమె గొంతు నా సొప్రానోలలో కలవలేదు. స్వరం నుంచి స్వరానికి జారుతుంది, ఒక్కచోట నిలవదు, మిగిలిన ఆడపిల్లల శ్రుతిని తనవైపు లాగుతుంది. నేను అక్టోబరులో ఒకనాడు సాధన అయిపోయాక ఆమెను పక్కకు పిలిచి, "అవ్వా, ఈసారి నువ్వు ముందు బెంచీలో కూర్చొని మా పాట విను, నీ ఆశీర్వాదం చాలు" అన్నాను. ఎంత మర్యాదగా అన్నానో చూడు. ఆమె, "సరే సారూ, గొంతు ముసల్ది అయిపాయె గద" అని కొంగు సవరించుకొని వెళ్లిపోయింది. నాకు పెద్ద బరువు దిగినట్టయింది.

క్రిస్మస్ రాత్రి గుడి కిక్కిరిసింది. తోటి మాస్టారి దగ్గర టేపు రికార్డరు అడిగి తెచ్చి, కొత్త క్యాసెట్టు వేసి, బల్ల పక్కన స్టూలు మీద పెట్టి, ఎర్రమీట నేనే నొక్కి వచ్చి నిలబడ్డాను. ఆ కోరస్‌లో చివరికి వచ్చేసరికి హల్లెలూయలు ఒకదాని మీద ఒకటి పడి వచ్చి, ఒక్కసారిగా అన్ని గొంతులూ ఆగిపోతాయి. రెండు క్షణాల నిశ్శబ్దం. ఆ తరువాత నెమ్మదిగా, నిండుగా, ఆఖరి హల్లెలూయ. ఆ నిశ్శబ్దం దగ్గర ఎవరూ తొందరపడి అందుకోకూడదని పిల్లలకు నెలరోజులు చెప్పాను. ఆ రాత్రి పిల్లలు ఒక్కరు కూడా తప్పలేదు. నా రెండు చేతులూ గాలిలో ఉన్నాయి. గుడి అంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడు ముందు బెంచీలో నుంచి అవ్వ గొంతు, "హల్లెలూయ!"

పాట వినేసరికి ఆమెకు మనసు పొంగింది. ఆరాధనలో మనవాళ్లందరూ అనేట్టే అన్నది, అంతే. పిల్లలు ఒక క్షణం తడబడి ఆఖరి హల్లెలూయ పాడారు. ఆరాధన ముగిసిన తరువాత, గుడి మెట్ల మీద, కేకు ముక్కలు పంచుతున్న జనం మధ్యలో నేను ఆమెతో, "ఎంత పని చేశావు అవ్వా, మూడు నెలల కష్టాన్ని, టేపును పాడు చేశావు" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల వంచుకుంది. "తప్పయింది సారూ" అని రెండుసార్లు అన్నది. ఎవరికి తప్పయింది, ఎవరి ముందు తప్పయింది, అన్న ఆలోచన ఆ రాత్రి నాకు రాలేదు.

ఆ తరువాతి ఆదివారం నుంచి ఆమె ఆడవాళ్ల వైపు చివరి వరుసలో, స్తంభం చాటున కూర్చునేది. కీర్తన పాడుతున్నప్పుడు నేను హార్మోనియం దగ్గర నుంచి చూసేవాణ్ణి. అరచేయి ఒడిలోనే ఉండేది, మోకాలి మీదికి వచ్చేది కాదు. వెళ్లి ఒక్క మాట చెబుదామని ఎన్నో ఆదివారాలు అనుకున్నాను. ఆరాధన అయిపోయాక ఎవరో ఒకరు పలకరించేవారు, పని పడేది, ఆమె వెళ్లిపోయేది. ఏడాది దాటిపోయింది. 1985లో ఈస్టరుకు ముందు శ్రమల దినాల్లో ఆమె నిద్రించింది.

సమాధి దగ్గర అయ్యగారు, అవ్వకు ఇష్టమైన కీర్తన పాడండి అన్నారు. ఏ కీర్తనో ఆమె కూతురు చెప్పింది. పుస్తకం తెరిచాను. సంఖ్య ఉంది, పైన రాగం పేరు ఉంది, తాళం పేరు ఉంది, కింద ఆరు చరణాలున్నాయి. వరస లేదు. మనం చేతిలో పట్టుకునే ఆ పుస్తకంలో స్వరాలు ఉండవు, నీకూ తెలుసు. వరస మనుషుల గొంతుల్లో ఉంటుంది. నేను అందరి ముఖాలూ చూశాను, ఎవరికీ రాదు. దానిని పాడే మనిషి పెట్టెలో ఉంది. మేము ఆ మాటలను వేరే కీర్తన వరసలో, అక్కడక్కడ అక్షరాలు కుదించి, సాగదీసి పాడాము.

నా దగ్గర టేపు రికార్డరు లేదని అనలేను. క్యాసెట్టు లేదని అనలేను. ఆమె ఇంటికీ నా ఇంటికీ నడిచి పది నిమిషాల దూరం. ఒక్క సాయంత్రం కూర్చొని ఉంటే ఇరవై కీర్తనలు వచ్చేవి, వారం కూర్చొని ఉంటే నూరు వచ్చేవి. హాండెల్ ఆ సంగీతాన్ని 1741లో ఇరవై నాలుగు రోజుల్లో రాశాడు. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో మొదటిసారి పాడినప్పటి నుంచి దానికి ప్రతులున్నాయి, అచ్చులున్నాయి, నేను పాడించకపోతే అది పోయేది కాదు. పోయేది ఏదో నా పక్కనే, నా ముందు బెంచీలోనే కూర్చొని ఉంది. ఈరోజు నా దగ్గర ఆమె గొంతు మిగిలింది ఆ క్యాసెట్టులోనే, ఆ నిశ్శబ్దంలోనే, ఒక్క మాట. మీ పెద్దమ్మ కన్నుమూసిన సంవత్సరం దానిని నలభైసార్లు విని ఉంటాను. నా పిల్లలు పాడిన భాగం ఇప్పుడు నాకు సాదాగానే వినిపిస్తుంది. ఆ ఒక్క మాట దగ్గరకు రాగానే కళ్లు మూసుకుంటాను.

అందుకే చెబుతున్నాను, ల్యాప్‌టాప్ మూసిపెట్టి ముందుగా ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లు. ఒక్కదానివే వెళ్లకు, నీ బృందంలోని పిల్లలను ఇద్దరిద్దరిగా వెంటబెట్టుకొని వెళ్లు, వాళ్ల చేత అడిగించు. మీ అందరి చేతుల్లో ఇప్పుడు ఫోనులున్నాయి. పాట మొత్తం తీసుకోండి, ఎక్కడ నేర్చుకున్నారో, ఎవరు నేర్పారో అది కూడా వాళ్ల మాటల్లోనే తీసుకోండి. వాళ్లు ఒక చరణం పాడి, మిగతాది ఇంతే అంటారు, అలా వదిలేయవద్దు, చరణానికీ చరణానికీ వాళ్లు మార్చే సంగతులే, అంటే వరసలోని చిన్నచిన్న మార్పులే, మనకు కావాలి. శ్రుతి పోయినా దిద్దకండి. దగ్గు వచ్చినా ఆపకండి. అలా వచ్చిన వరసను సోల్ఫాలో రాసి, మళ్లీ వాళ్ల దగ్గరకే వెళ్లి పాడి వినిపించి, "ఇదేనా" అని అడగండి. అది అయ్యాకనే దానికి ఆల్టో రాయాలా వద్దా అన్న ఆలోచన.

నీ శనివారపు చదువు గంటను నేను మనస్ఫూర్తిగా దీవిస్తున్నాను. మా కాలంలో మేము ఆ పని చేయలేదు. 'ఆత్మతో పాడుదును, మనస్సుతోను పాడుదును' అని అపొస్తలుడు కొరింథీయులకు రాసిన మాటలో సగమే మేము నేర్చుకున్నాము. హల్లెలూయ కోరస్‌ను మనం క్రిస్మస్‌కు పాడుతున్నాము గాని, దానిలోని మాటలు ప్రకటన గ్రంథం 11, 19 అధ్యాయాలవి, ఆ కృతిలో అది క్రీస్తు శ్రమ, పునరుత్థానం అయిపోయాక రెండవ భాగం చివర వస్తుంది. పశువుల తొట్టి దగ్గర ఆ పాట ఎందుకు పాడుతున్నామని పిల్లలను అడుగు, జవాబు నువ్వు చెప్పకు. వాళ్లు యూట్యూబులో విని ట్రాకు పెట్టుకొని పాడే కొత్త పాటలను కూడా ఆ గంటలోకి తీసుకురా. వాటిని చిన్నచూపు చూడకు. దేవుడు ఏం చేశాడో చెప్పే పంక్తులెన్ని, నా మనసుకు ఎలా ఉందో చెప్పే పంక్తులెన్ని అని వాళ్లనే లెక్కపెట్టమను, పాత కీర్తనకు కూడా అదే లెక్క కట్టమను. ఇంట్లో నా అలమరలో జాషువా గారి 'క్రీస్తు చరిత్ర' ఉంది, తీసుకుపో. 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఆ కావ్యాన్ని మన క్రైస్తవ పిల్లల్లో చదివినవాళ్లు ఎంతమంది? సువార్త కథను మంచి తెలుగులో చదివిన పిల్ల మంచి తెలుగులో పాడుతుంది. సందేహాలడిగే పిల్లలను అవిశ్వాసులని అననీయకు. నీకు తెలియని ప్రశ్న వస్తే హైదరాబాదు గాంధీనగర్‌లోని ఆంధ్ర క్రైస్తవ థియొలాజికల్ కళాశాలకు వెళ్లి అడుగు. వేర్వేరు సంఘాలవాళ్లు 1964లో చేతులు కలిపి స్థాపించుకున్నది అది, నీ బృందానికి ఆ ఇల్లు పరాయిది కాదు.

తొలికాలపు సంఘ బోధకుడు అగస్టీను 'ఒప్పుకోళ్లు' అనే తన పుస్తకంలో, పాటలోని సత్యం కంటే పాటే తనను ఎక్కువగా కదిలించినప్పుడు తాను పాపం చేసినట్టు ఒప్పుకుంటున్నానని రాశాడు. అది చదివిన నాడు నాకు ఆ 1983 రాత్రి గుర్తొచ్చింది. అలాగని భయపడి పాటను వదిలేయమని నేను అనను, అగస్టీనూ అనలేదు. జర్మను సంగీతకర్త బాఖ్ తన దగ్గరున్న బైబిలు వ్యాఖ్యాన గ్రంథంలో, దినవృత్తాంతముల రెండవ గ్రంథం 5వ అధ్యాయం దగ్గర, గాయకులూ బూరలూదేవారూ ఏకస్వరంగా దేవుణ్ణి స్తుతించినప్పుడు మందిరం మేఘంతో నిండిపోయిన చోట, భక్తితో కూడిన సంగీతమున్నచోట దేవుడు తన కృపతో ఎల్లప్పుడూ ఉంటాడని అంచున తన చేతితో రాసుకున్నాడు. నీ మొదటి శనివారం ఆ అధ్యాయంతోనే మొదలుపెట్టు.

ఫాతిమానగర్ కాథలిక్ పిల్లలు మీ దగ్గరకు రావడం చిన్న సంగతి కాదు. మా చిన్నతనంలో ఒకరి గుడి గడప ఒకరం తొక్కేవాళ్లం కాము. 1963 డిసెంబరు 4న వాటికన్ మహాసభ ఆరాధన గురించిన శాసనాన్ని ప్రకటించి, ఆయా దేశాల ప్రజల సొంత సంగీతానికి ఆరాధనలో తగిన చోటు ఇవ్వాలని చెప్పిన తరువాతనే కాథలిక్ గుడుల్లో పూజ తెలుగులో, మన వరసల్లో మొదలైంది. వాళ్ల దగ్గర ఉన్న పాటలు మన పుస్తకంలో లేవు, మనవి వాళ్ల దగ్గర లేవు. నువ్వు నేర్పే పాటల్లో సగమైనా వాళ్లవి ఉండనీ. 'పరలోక జపం' అని వాళ్లంటే, మనం 'ప్రభువు నేర్పిన ప్రార్థన' అంటామని దిద్దేవాళ్లు మన వైపు తప్పక ఉంటారు. ఆ మాట నీ సాధనలోకి రానివ్వకు.

క్రిస్మస్ అయిపోయాక అందరినీ పగటి రైలులో డోర్నకల్ తీసుకువెళ్లు. 1912లో బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు, కట్టించిన కెథడ్రల్ అక్కడ ఉంది. 1939 జనవరి 6న, జ్ఞానులు బాలయేసును దర్శించినదానికి గుర్తుగా చేసే ఎపిఫనీ పండుగనాడు ప్రతిష్ఠించారు. గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, స్తంభాలు మన దేవాలయపు మండపాలను తలపిస్తాయి, లోపల సిలువ. ఊళ్లలో మాల మాదిగ సోదరులు తమ దరువులతో, తమ కథాగానంతో దేవుణ్ణి స్తుతించడాన్ని ఆయన ఆరాధనగానే ఎంచాడు. అక్కడ మైకు లేకుండా ఒక కీర్తన పాడించు, పాడిన తరువాత అందరినీ కాసేపు ఊరకే నిలబడమను. ఆ కప్పు కింద గొంతు ఎంతసేపు నిలుస్తుందో పిల్లలు వినాలి.

నీకు ఐదేళ్ల వయసులో క్రిస్మస్ కార్యక్రమంలో స్టూలు మీద నిలబెట్టాము, గుర్తుందో లేదో. రెండో చరణం మరిచిపోయి ఏడవకుండా మొదటి చరణమే మూడుసార్లు పాడి దిగావు. మీ బాపు సిగ్గుపడ్డాడు గాని నేను ఆ రోజే, ఈ పిల్ల పాటను వదలదు అనుకున్నాను. కోపంగా రాసిన మాటలేవైనా ఉంటే అవి నీ మీద కోపం కాదు.

క్యాసెట్టును మీ బాపు వచ్చే ఆదివారం వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను. టేపు పాతబడి అంటుకుంటోంది, హైదరాబాదులో తెలిసినవాళ్ల దగ్గర జాగ్రత్తగా కంప్యూటరులోకి ఎక్కించు. అవ్వ మాట రెండవ వైపు, దాదాపు చివర ఉంటుంది. శబ్దం శుభ్రం చేస్తామని ఎవరైనా అంటే వద్దను, ఆ మాటను చెరిపేస్తారేమోనని నా భయం.

ఇంకొక సంగతి. అవ్వ కూతురు ఉన్నది, అదే వాడలో, ఆమెకూ ఎనభై దాటాయి. తల్లి పాటలు కొన్నయినా వచ్చునని ఈ మధ్యనే విన్నాను. నేను వెళ్లి అడగలేకపోయాను. ఈ వారంలోనే వెళ్లు, సాయంత్రం నాలుగు తరువాత వెళ్లు, మధ్యాహ్నం పడుకుంటుంది. ఎడమ చెవి వినపడదు, కుడివైపు కూర్చో. నేను పంపానని ముందే చెప్పు. ఆమె కాదంటే బలవంతం చేయకు, నా తరఫున నమస్కారం చెప్పి వచ్చేయి. పాడితే మాత్రం, ఆమె చెయ్యి మోకాలి మీద ఎలా పడుతుందో చూసి నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దబాపు